మెకార్ట్నీ రాయబారం: మోకాలి గొడవ వెనక మరుగునపడిన ఆరు కోరికలు

1793లో బ్రిటన్ రాజు పంపిన రాయబారం చైనా చక్రవర్తి చియెన్‌లుంగ్‌ను కలిసి వట్టి చేతులతో తిరిగొచ్చింది. ఎందుకని అడిగితే ఎక్కువమంది చెప్పే జవాబు ఒక్కటే. రాయబారి జార్జి మెకార్ట్నీ సాగిలపడనన్నాడు, ముసలి చక్రవర్తికి కోపం వచ్చింది, పని చెడింది. చెప్పుకోవడానికి బాగుంటుంది కాబట్టి ఈ జవాబు రెండు వందల ఏళ్ళుగా నిలిచింది.

కానీ ఇది తప్పు. 1795 జనవరిలో డచ్చి కంపెనీ తరఫున ఇసాక్ టిట్సింగ్ బృందం అదే చక్రవర్తి దగ్గరికి వెళ్ళింది. చెప్పిన ప్రతిసారీ వాళ్ళు మోకరిల్లారు, నుదురు నేలకు ఆనించారు. వాళ్ళకూ వాణిజ్యంలో ఒక్క రాయితీ దక్కలేదు. వంగినవాడికీ వంగనివాడికీ ఒకే ఫలితం దక్కిందంటే, కారణం మోకాలిలో లేదు. అది 1793 అక్టోబరు 3న మెకార్ట్నీ చైనా మంత్రికి అందించిన ఒక కాగితంలో ఉంది. అందులో ఆరు కోరికలున్నాయి. దాన్ని పక్కన పెట్టుకుని యుద్ధంలో ఓడిన చైనా 1842లో బ్రిటన్‌తో చేసుకున్న నాన్‌కింగ్ ఒప్పందం చదివితే బ్రిటన్ ఏం కోరిందో, చైనా ఏం చూసి భయపడిందో అర్థమవుతుంది.

ఈ మెకార్ట్నీ తెలుగువాళ్ళకు కొత్తవాడు కాదు. 1781 నుంచి 1785 దాకా మద్రాసు గవర్నరు. నెల్లూరు సీమతో సహా కర్నాటక నవాబు మహమ్మదలీ రాజ్యంలోని శిస్తు వసూళ్ళను 1781 డిసెంబరులో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ చేతికి రాయించుకున్నవాడు ఆయనే. వసూలైనదాంట్లో ఆరో వంతు నవాబు ఖర్చులకు, మిగతాది కంపెనీ యుద్ధాలకు. లండన్ ఆజ్ఞతో 1785లో ఆ ఏర్పాటు రద్దయినా, ఒక పాలకుడి చేత సంతకం పెట్టించుకున్న కాగితంతో ఎంత దూరం పోవచ్చో ఆయన మద్రాసులోనే చూశాడు. అంతకు ముందు 1766లో రష్యాతో వాణిజ్య ఒప్పందం కుదిర్చాడు. చైనాకు ఆయన్ను ఎంచుకోవడంలో ఆశ్చర్యమేమీ లేదు.

టీ ఎక్కువ, అమ్మే సరుకు తక్కువ

1784లో బ్రిటిష్ పార్లమెంటు టీ మీద సుంకాన్ని సుమారు 119 శాతం నుంచి 12.5 శాతానికి దించింది. దొంగ రవాణాను దెబ్బతీయడం దాని ఉద్దేశం. ఫలితం వెంటనే కనిపించింది. 1783లో కంపెనీ అమ్మిన టీ 58 లక్షల పౌండ్ల బరువు. 1785కల్లా అది కోటిన్నర దాటింది. ఆ టీ అంతా వచ్చేది ఒకే దేశం నుంచి, ఒకే రేవు నుంచి. అది దక్షిణ చైనాలోని కాంటన్.

టీకి బదులుగా ఇవ్వడానికి బ్రిటన్ దగ్గర సరైన సరుకు లేదు. ఉన్ని బట్ట దక్షిణ చైనా ఎండల్లో ఎవరికీ అక్కర్లేదు. కంపెనీ దాన్ని నష్టానికి అమ్మేది. తగరం, సీసం కొంత పోయేవి. బొంబాయి నుంచి వెళ్ళే పత్తి, బెంగాల్ నల్లమందు కొంత లోటు పూడ్చేవి. మిగతాది వెండి నాణేలు పెట్టెల్లో నింపి పంపాల్సిందే. మెకార్ట్నీకి ఇచ్చిన సూచనల్లో నల్లమందు గురించి ఒక వాక్యం ఉంది, అది గుర్తుపెట్టుకోదగ్గది. నల్లమందును చైనాకు పంపవద్దని చక్రవర్తి పట్టుబడితే ఒప్పుకో, బెంగాల్ సరుకు వేరే సంతలు వెతుక్కుంటుంది అని రాశారు. అంటే 1792లో లండన్ ఆ వ్యాపారాన్ని వదులుకోవడానికి సిద్ధంగా ఉంది. ఆ మాట ఎత్తే అవసరమే రాలేదు. నలభై ఏడేళ్ళ తర్వాత అదే సరుకు కోసం యుద్ధానికి దిగింది.

కాంటన్‌లో ఓడ ఎలా నడిచేదో తెలియకపోతే ఆ ఆరు కోరికలు అర్థం కావు. నైరుతి గాలులతో వచ్చిన ఓడ ముందు పోర్చుగీసు వాళ్ళ రేవైన మకావు దగ్గర ఆగి దారి చూపే సరంగును ఎక్కించుకోవాలి. హూమెన్ కోటలు దాటి ఏటికి ఎదురు ప్రయాణించి వాంపోవా లంగరు రేవులో నిలబడాలి. పెద్ద ఓడలు కాంటన్ నగరం దాకా పోవు. అక్కడికి సుంకాధికారి స్వయంగా వచ్చి ఓడ పొడవు వెడల్పులు కొలిపిస్తాడు. ఆ కొలతను బట్టి రేవు పన్ను. దాని మీద 'నజరానా' పేరుతో ఓడకు 1,950 టేళ్ళు. టేలు అంటే సుమారు 37 గ్రాముల వెండి కాబట్టి, ఒక్క నజరానాయే 70 కిలోలకు పైగా వెండి. ఓడ చిన్నదైనా పెద్దదైనా అంతే.

తర్వాత జామీను. ప్రతి ఓడకూ హాంగ్ అనే లైసెన్సు వర్తకుల్లో ఒకడు జామీనుదారుగా నిలబడాలి. పన్నులు ఎగ్గొట్టినా, నావికుడు తాగి కొట్లాడినా మెడ అతనిదే. మన మద్రాసు దుబాసీల్లాంటి వాళ్ళు మాట తర్జుమాకు, సర్కారీ కాగితాలకు. తిండీ నీళ్ళూ సరఫరా చేసేవాడు వేరొకడు. తెల్లవాళ్ళు నది ఒడ్డున పదమూడు కొఠీల్లో మాత్రమే ఉండాలి, నగర గోడ దాటకూడదు, ఆడవాళ్ళను తేకూడదు, చైనా భాష నేర్చుకోకూడదు. వ్యాపార కాలం ముగియగానే మకావు పోవాలి. ఫిర్యాదు చెయ్యాలంటే హాంగ్ వర్తకుడి ద్వారానే, ఆ ఫిర్యాదు అతని మీదే అయినా సరే.

కంపెనీకి మండింది ఇక్కడే. 1759లో జేమ్స్ ఫ్లింట్ అనే కంపెనీ ఉద్యోగి ఈ గోడ దాటి ఉత్తరాన తియాన్‌జిన్ దాకా పోయి చక్రవర్తికి అర్జీ పెట్టాడు. అవినీతిపరుడైన సుంకాధికారిని తీసేశారు. ఫ్లింట్‌ను మూడేళ్ళు ఖైదు చేశారు. అతనికి సాయపడిన చైనీయుడి తల తీశారు. 1784 నవంబరులో 'లేడీ హ్యూస్' అనే ఓడ గౌరవ సూచకంగా ఫిరంగి పేలిస్తే ఇద్దరు చైనీయులు చనిపోయారు. వ్యాపారం మొత్తం ఆపేసి ఫిరంగివాణ్ణి అప్పగించమన్నారు. అప్పగించాక గొంతుకు ఉరి బిగించి చంపారు. మా మనుషుల్ని మా చట్టం ప్రకారమే విచారించాలి అన్న బ్రిటిష్ పట్టు ఆ సంఘటనతో గట్టిపడింది.

ఇక అప్పుల సంగతి. మద్రాసులో పోగుపడిన ఇంగ్లీషు ప్రైవేటు సొమ్ము కాంటన్ హాంగ్ వర్తకులకు భారీ వడ్డీకి అప్పుగా వెళ్ళేది. వడ్డీ మీద వడ్డీ ఎక్కి అది 38 లక్షల డాలర్ల దాకా చేరింది. 1779లో అప్పులిచ్చినవాళ్ళు మద్రాసులో ఉన్న అడ్మిరల్ వెర్నన్‌ను పట్టుకుంటే, ఆయన కెప్టెన్ పాంటన్‌ను యుద్ధనౌకతో కాంటన్ పంపాడు. చక్రవర్తి ఇద్దరు దివాలా వర్తకుల్ని పశ్చిమాన ఈలీ సరిహద్దుకు బహిష్కరించి, బాకీని పదేళ్ళ వాయిదాల్లో మిగతా హాంగ్ వర్తకులు తీర్చాలన్నాడు. ఆ డబ్బు వాళ్ళు ఎక్కడి నుంచి తేవాలి? విదేశీ సరుకు మీద అదనపు పట్టీ వేసి తెచ్చారు. కాబట్టి మెకార్ట్నీ తన కాగితంలో ఫిర్యాదు చేసిన 'అదనపు వసూళ్ళ'లో కొంత భాగం ఇంగ్లీషు వడ్డీ వ్యాపారుల బాకీ తీర్చడానికి పుట్టిందే. ఈ సంగతి బ్రిటిష్ వాదనల్లో ఎక్కడా కనబడదు.

పిలుపు లేఖే కప్పం లేఖ

మొదట 1787లో చార్లెస్ కాత్‌కార్ట్‌ను పంపితే, 1788లో సుమత్రా దగ్గర దారిలోనే ఆయన చనిపోయాడు. తర్వాత హోం కార్యదర్శి హెన్రీ డండస్ మెకార్ట్నీని సిద్ధం చేశాడు. 1792 సెప్టెంబరు 26న 64 ఫిరంగుల 'లయన్', కంపెనీ ఓడ 'హిందోస్తాన్', 'జాకాల్' అనే చిన్న ఓడ బయల్దేరాయి. రాయబారంలో దాదాపు వంద మంది. మొత్తం ఖర్చు సుమారు 78,000 పౌండ్లు, అంతా కంపెనీ ఖాతాలోనే. రాజు పేరు, కంపెనీ సొమ్ము. బ్రిటిష్ దౌత్యంలో ఈ జోడీ అంతటా కనిపిస్తుంది.

కంపెనీ డైరెక్టర్లకు ఈ రాయబారం పెద్దగా ఇష్టం లేదు. ఉన్న వ్యాపారం కూడా చెడుతుందేమోనని వాళ్ళ భయం. అందుకే వాళ్ళ ఛైర్మన్ ఫ్రాన్సిస్ బేరింగ్ 1792 ఏప్రిల్‌లో కాంటన్ అధికారులకు రాసిన లేఖ చాలా మెత్తగా ఉంది. చక్రవర్తి ఎనభయ్యో పుట్టినరోజుకు (అది 1790లో జరిగింది) రాలేకపోయినందుకు మా రాజు చింతిస్తున్నాడు, ఇప్పుడు కానుకలతో మనిషిని పంపుతున్నాడు అన్నది సారాంశం. కాంటన్‌లో అది చైనా భాషలోకి మారేటప్పుడు వినయపూర్వకమైన అర్జీ అయి కూర్చుంది. బీజింగ్‌కు చేరేసరికి, దూరదేశపు రాజు పుట్టినరోజుకు కప్పం పంపుతున్నాడు అన్న కబురు అయింది. కప్పం అన్న అర్థాన్ని చైనా తనకు తానుగా అంటగట్టలేదు. దానికి పునాది బ్రిటిష్ వాళ్ళ సొంత సాకులోనే ఉంది.

ఆ అర్థం ఒకసారి పడ్డాక దాని పద్ధతి అది నడుపుతుంది. కప్పం తెచ్చిన దూతకు చక్రవర్తి వంశమైన చింగ్ ఆస్థానంలో ఒక కట్టుదిట్టమైన విధానముంది. సరిహద్దులో ఎదురేగి తీసుకురావడం, దారి పొడుగునా ఉచిత భోజనం, నిర్ణీత మార్గం, దర్శనం, విందు, తెచ్చినదానికన్నా విలువైన ప్రతి కానుకలు, తర్వాత వీడ్కోలు. బీజింగ్‌లో బస నలభై రోజులు మించదని అక్కడి మిషనరీలు మెకార్ట్నీకి తర్వాత చెప్పారు. వాణిజ్యం సంగతులు ఈ విధానంలో ఎక్కడా లేవు. అవి కాంటన్ సుంకాధికారి బల్ల మీద తేలాల్సినవి. మెకార్ట్నీ దృష్టిలో దర్శనంతో పని మొదలవుతుంది. ఆస్థానం దృష్టిలో దర్శనంతో పని ముగుస్తుంది. మొత్తం చిక్కు ఇక్కడే ఉంది.

1793 జులై చివర్లో ఓడలు పెయిహో నది ముఖద్వారం చేరగానే ఆ మర్యాద మొదలైంది. మొదటి విడతలోనే 20 ఎద్దులు, 120 గొర్రెలు, 120 పందులు, వందల కోళ్ళు, బాతులు ఓడలకు చేరాయి. వాళ్ళను నది మీద తీసుకెళ్ళిన పడవలపై జెండాలు కట్టారు. వాటి మీద చైనా అక్షరాల్లో 'ఇంగ్లండు నుంచి కప్పం తెచ్చిన రాయబారి' అని ఉంది. మెకార్ట్నీకి దాని అర్థం తెలిసింది. అభ్యంతరం చెబితే ప్రయాణం ఆగుతుందని పట్టించుకోనట్టు ఊరుకున్నాడు. చక్రవర్తి వైపు నుంచీ ఇదే పట్టింపు. బ్రిటిష్ వాళ్ళు ఇచ్చిన కానుకల జాబితా తర్జుమాలో రాయబారిని 'చిన్‌చాయ్' అన్నారు, అంటే చక్రవర్తి స్వయంగా నియమించిన ప్రతినిధి. చియెన్‌లుంగ్ ఆ మాట గమనించి, ఇది సమాన హోదా చెప్పుకోవడమేనని, 'కుంగ్‌షీ' (కప్పం దూత) అని మాత్రమే రాయాలని ఆజ్ఞ జారీ చేశాడు. ఒక్క పదం కోసం ఎనభై రెండేళ్ళ చక్రవర్తి ఉత్తర్వు రాశాడంటే ఆ పదం బరువు ఎంతో ఊహించుకోవచ్చు.

నాలుగు చేతులు మారిన మాట

రాయబారంలో చైనా భాష వచ్చిన బ్రిటిష్ పెద్దమనిషి ఒక్కడూ లేడు. ఉపరాయబారి జార్జి స్టాంటన్ యూరప్ అంతా వెతికి, ఇటలీలోని నేపుల్స్‌లో చైనీయుల్ని క్యాథలిక్ పూజారులుగా తయారుచేసే విద్యాలయం నుంచి దుబాసీల్ని తెచ్చాడు. వాళ్ళకు లాటిన్, ఇటాలియన్ వచ్చు, ఇంగ్లీషు రాదు. ఒకడు మకావు చేరగానే ప్రాణభయంతో దిగిపోయాడు. కాన్సూ సీమకు చెందిన లీ త్సెపియావ్ ఒక్కడే బ్రిటిష్ యూనిఫారం తొడుక్కుని, యూరపువాడిలా చెలామణీ అవుతూ చివరి దాకా నిలబడ్డాడు. చైనీయుడు విదేశీయులకు ఇలా పనిచేయడం ఎంత ప్రమాదమో ఫ్లింట్ ఉదంతం చూస్తే తెలుస్తుంది. లీ ధైర్యం లేకపోతే ఆ రాయబారం నోరు పెగిలేది కాదు.

ఒక లేఖ ఇలా తయారయ్యేది. మెకార్ట్నీ ఇంగ్లీషులో రాస్తాడు. దాన్ని లాటిన్‌లోకి మారుస్తారు. లాటిన్ విని లీ వాడుక చైనా భాషలో చెబుతాడు. దాన్ని ఆస్థానానికి పంపదగిన గ్రాంథిక చైనా భాషలోకి ఇంకొకరు మారుస్తారు. చివరికి శుభ్రంగా నకలు రాయాలి. తన చేతిరాత ఎక్కడ గుర్తుపడతారోనని ఏ చైనీయుడూ ఆ పనికి ముందుకు రాడు. ఆ నకలు రాసింది స్టాంటన్ కొడుకు. పేరు జార్జి థామస్, వయసు పన్నెండు. ఓడ మీద దుబాసీల దగ్గర భాష నేర్చుకున్నాడు.

తిరుగు దారిలోనూ అంతే. చక్రవర్తి జవాబును బీజింగ్‌లోని యూరపు మిషనరీలు లాటిన్‌లోకి మార్చారు, కటువైన చోట్లను మెత్తబరిచి. రాజు మూడో జార్జి చదివింది ఆ మెత్తబడిన పాఠం. అసలు పాఠంలోని గర్వం ఇంగ్లీషు పాఠకులకు బాగా తెలిసింది ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే.

కానుకల లెక్క ఎక్కడ తప్పింది

కానుకల విలువ సుమారు 15,600 పౌండ్లు. పెట్టెలు ఆరు వందలు. పడవలు దిగాక బీజింగ్ దాకా వాటిని మోయడానికి 90 బళ్ళు, 40 తోపుడు బళ్ళు, 200 గుర్రాలు, దాదాపు మూడు వేల మంది మనుషులు. వాటిలో గ్రహాల గమనం చూపే పెద్ద యంత్రం, భూగోళ ఖగోళ నమూనాలు, టెలిస్కోపు, ఎండను ఒకచోట చేర్చి లోహాన్ని కరిగించే పెద్ద కటకం, గాజు షాండ్లియర్లు, వెడ్జ్‌వుడ్ పింగాణీ, రెండు గుర్రబ్బళ్ళు, చిన్న ఇత్తడి ఫిరంగులు, 110 ఫిరంగుల 'రాయల్ సావరిన్' యుద్ధనౌక నమూనా ఉన్నాయి.

ఇవి కానుకలూ అవును, ప్రకటన సరుకూ అవును. మా పనితనం చూడండి, కొనండి అన్నది వాటి సందేశం. మూడు చోట్ల అది తప్పింది. మొదటిది, కాంటన్ అధికారులు ఏళ్ళ తరబడి ఇంగ్లీషు గడియారాలూ పాటలు పాడే యంత్రాలూ కొని చక్రవర్తికి సమర్పిస్తూనే ఉన్నారు. చక్రవర్తి వేసవి విడిది అయిన జెహోల్ ఉద్యానంలోని మండపాల్లో ఆ వస్తువులు కళ్ళారా చూశాక, తాము తెచ్చినవి వాటి ముందు చిన్నబోతాయని మెకార్ట్నీయే తన డైరీలో ఒప్పుకున్నాడు. రెండోది, పెద్ద యంత్రాన్ని బిగించడానికి రోజులు పడుతుంది. శాస్త్రజ్ఞుడు జేమ్స్ డిన్విడీ బీజింగ్ దగ్గరి వేసవి ప్రాసాదంలో ఆ పనిలో ఉంటే, చక్రవర్తి దర్శనం చైనా మహాకుడ్యం అవతల జెహోల్‌లో జరిగింది. యంత్రాన్ని వివరించాల్సిన వేళ వివరించేవాడు అక్కడ లేడు. మూడోది గుర్రబ్బండి. తోలేవాడి పీట లోపల కూర్చునే చక్రవర్తి ఆసనం కన్నా ఎత్తులో ఉంది. అది చూసిన ఆస్థాన అధికారులు నిర్ఘాంతపోయారు. లండన్‌లో బండి తయారుచేసినవాడికి ఆ ఆలోచనే వచ్చి ఉండదు.

మోకాలు

సాగిలపడటం, అంటే మూడుసార్లు మోకరిల్లి ఒక్కోసారి మూడు చొప్పున తొమ్మిదిసార్లు నుదురు నేలకు తాకించడం. మెకార్ట్నీ ఒక షరతు పెట్టాడు. నా హోదాకు సమానమైన చైనా అధికారి మా రాజు చిత్రపటం ముందు ఇలాగే చేస్తే నేనూ చేస్తాను. వాళ్ళు ఒప్పుకోలేదు. వారాల బేరం తర్వాత, తన రాజు ముందు చేసినట్టే ఒక మోకాలు వంచడానికి రాజీ కుదిరింది, చెయ్యి ముద్దు పెట్టుకోవడం మాత్రం వద్దన్నారు. 1793 సెప్టెంబరు 14న జెహోల్‌లో, పెద్ద గుడారంలో, వజ్రాలు పొదిగిన బంగారు పెట్టెలో రాజు లేఖను అందించాడు. మెకార్ట్నీ చేసింది ఎంత వరకు అన్నదాని మీద చైనా రికార్డులూ బ్రిటిష్ రాతలూ ఏకీభవించవు. చిన్న స్టాంటన్ చైనా భాషలో రెండు మాటలు మాట్లాడితే చక్రవర్తి ముచ్చటపడి తన నడుముకున్న చిన్న పట్టు సంచీ విప్పి ఇచ్చాడు. కోపంతో ఉన్న చక్రవర్తి చేసే పనులు కావివి.

ఆరు కోరికలు, ఆరు జవాబులు

దర్శనం అయింది, సెప్టెంబరు 17న పుట్టినరోజు వేడుక అయింది, అందర్నీ బీజింగ్ పంపేశారు. చలికాలం వస్తోంది, బయల్దేరితే మంచిదన్న సూచనలు మొదలయ్యాయి. అప్పుడు తొందరపడి మెకార్ట్నీ అక్టోబరు 3న మహామంత్రి హెషెన్‌కు కాగితం అందించాడు. జూషాన్, నింగ్‌బో, తియాన్‌జిన్ రేవుల్లో వ్యాపారం. ఒకప్పుడు రష్యన్లకు ఉన్నట్టే బీజింగ్‌లో ఒక గిడ్డంగి. జూషాన్ దగ్గర కోటగోడ లేని చిన్న దీవి. కాంటన్ దగ్గర అలాంటి చోటు ఒకటి. మకావుకూ కాంటన్‌కూ మధ్య సుంకాల రద్దు లేదా తగ్గింపు. చక్రవర్తి నిర్ణయించిన సుంకాల పట్టీ కన్నా పైసా ఎక్కువ వసూలు చేయకపోవడం, ఆ పట్టీ నకలు చేతికివ్వడం. బీజింగ్‌లో శాశ్వత రాయబారి అన్న కోరిక రాజు లేఖలోనే ఉంది.

చక్రవర్తి జవాబు ఒక్కొక్కదాన్నీ విడివిడిగా తోసిపుచ్చింది. ఉత్తర రేవుల్లో కొఠీలూ దుబాసీలూ లేరు. రష్యన్ల గిడ్డంగి సరిహద్దులో క్యాఖ్తా సంత తెరవక ముందు మాట. మా దేశంలో ప్రతి అంగుళం నేలా పటంలో ఎక్కి ఉంది, దీవికీ ఇసుకతిన్నెకూ కూడా యజమాని ఉన్నాడు. సుంకాలు అందరికీ ఒకటే. మెకార్ట్నీ కాగితంలో లేని ఏడో సంగతిని, క్రైస్తవ మత ప్రచారాన్ని కూడా కలిపి తోసిపుచ్చింది. మీ దేశపు సరుకు మాకు అక్కర్లేదు, మా దగ్గర అన్నీ ఉన్నాయి అన్న ప్రసిద్ధ వాక్యాలు ఇవే ఉత్తర్వుల్లో ఉన్నాయి.

ఆ వాక్యాలు చూపించి చైనా కళ్ళు మూసుకుందని తీర్పు చెబుతారు. దీవి గురించిన జవాబును తెలుగు తీరం నుంచి చదివితే వేరేలా వినబడుతుంది. 1611లో మచిలీపట్నంలో ఇంగ్లీషు వాళ్ళు అడిగింది వ్యాపారానికి చోటు. 1632లో గోల్కొండ సుల్తాను 'బంగారు ఫర్మానా' ఇచ్చి, ఏటా 500 పగోడాలు కడితే తన రేవుల్లో సుంకాల బెడద లేకుండా వ్యాపారం చేసుకోమన్నాడు. 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడు మద్రాసు దగ్గర తీరం వెంట చిన్న నేల తునక ఇచ్చాడు. స్థిరమైన సుంకం, చిన్న చోటు. మెకార్ట్నీ కాగితంలో ఉన్నవీ అవే. నూటయాభై ఏళ్ళలో ఆ తునక మీది గవర్నరు నెల్లూరు శిస్తు వసూలు చేస్తున్నాడు. చియెన్‌లుంగ్‌కు ఈ చరిత్ర ఇంత వివరంగా తెలియదు, అయినా కాంటన్ పద్ధతి కట్టింది ఇలాంటిది జరగకుండా ఉండటానికే. ఆ నిరాకరణలో ఉన్న జాగ్రత్తను నేను తక్కువ చేయలేను. గోల్కొండ సుల్తానులకు లేకపోయిన జాగ్రత్త అది.

ధీమాగా జవాబిచ్చిన అదే చక్రవర్తి లోపల తన అధికారులకు వేరే ఆజ్ఞలు పంపాడు. ఇంగ్లీషు వాళ్ళు సముద్రం మీద బలవంతులు, కోరికలు తీరలేదు కాబట్టి గొడవ చేయవచ్చు, తీరం వెంట కాపలా పెంచండి, మకావు దగ్గర జాగ్రత్త, దీవుల మీద కన్నెయ్యండి అన్నాడు. అటు మెకార్ట్నీ కూడా తిరుగు దారిలో కాలువల మీదా నదుల మీదా కాంటన్‌కు వస్తూ రేవులూ సైనికులూ కోటలూ గమనించి, చైనా తీరాన్ని కొద్దిపాటి యుద్ధనౌకలతో దెబ్బతీయవచ్చని డైరీలో లెక్క రాసుకున్నాడు. వెంట తెచ్చుకున్న మరో సంపద టీ మొక్కలు. దారిలో తవ్వించి డిన్విడీ చేత కలకత్తా తోటకు పంపాడు. టీ కోసం చైనా మీద ఆధారపడకుండా ఉండే ఆలోచన అప్పటికే ఉంది.

మిగిలిన లెక్క

1816లో లార్డ్ ఆమ్‌హర్స్ట్ మళ్ళీ వెళ్ళి, సాగిలపడనన్నందుకు దర్శనం లేకుండానే వెనక్కి వచ్చాడు. ఆ రాయబారంలో ముగ్గురు ప్రతినిధుల్లో ఒకడు చిన్న స్టాంటన్, ఇప్పుడు పెద్దవాడు. 1840 ఏప్రిల్‌లో పార్లమెంటులో చైనా మీద యుద్ధాన్ని సమర్థిస్తూ మాట్లాడిందీ అతనే. అప్పటికి నల్లమందు ఏటా నలభై వేల పెట్టెలకు చేరింది, వెండి చైనా నుంచి బయటకు పోవడం మొదలైంది, 1839లో చక్రవర్తి పంపిన అధికారి లిన్ త్సెషూ 20,283 పెట్టెల్ని హూమెన్‌లో నాశనం చేశాడు.

ఆ యుద్ధంలో మద్రాసు సైన్యం ఉంది. అందులో తెలుగు, తమిళ సీమల వాళ్ళే ఎక్కువ. 1841 మే 30న కాంటన్ శివార్లలోని సాన్‌యువాన్‌లీ దగ్గర 37వ మద్రాసు పటాలంలోని ఒక కంపెనీ కుండపోత వానలో దారి తప్పింది. వాళ్ళ చేతుల్లో ఉన్నవి చెకుముకి తుపాకులు. మందు తడిసింది, ఒక్క తుపాకీ పేలలేదు. పల్లెల నుంచి వచ్చిన వేలమంది బల్లేలతో, గునపాలతో చుట్టుముట్టారు. వానలోనూ పేలే కొత్తరకం తుపాకులున్న నౌకాదళం వాళ్ళు వచ్చేదాకా ఆ సిపాయిలు చతురస్రం కట్టి బాయినెట్లతో నిలబడ్డారు. ఎవరి టీ కోసమో, ఎవరి బాకీ కోసమో.

1842 ఆగస్టు 29న నాన్‌కింగ్ దగ్గర 'కార్న్‌వాలిస్' ఓడ మీద సంతకాలయ్యాయి. ఐదు రేవులు తెరిచారు, మెకార్ట్నీ అడిగిన నింగ్‌బో వాటిలో ఒకటి. దీవి కావాలన్నాడు, హాంకాంగ్ ఇచ్చారు, జూషాన్‌ను 1846 దాకా తాకట్టుగా పట్టుకున్నారు. సుంకాల పట్టీ అచ్చువేసి ఇవ్వాలని రాశారు. హాంగ్ వర్తకుల గుత్త పోయింది. 2 కోట్ల 10 లక్షల డాలర్ల పరిహారంలో 30 లక్షలు హాంగ్ వర్తకుల పాత బాకీలకే కేటాయించారు. తియాన్‌జిన్ 1860లో తెరుచుకుంది. రాజు లేఖలోని శాశ్వత రాయబారి కోరిక 1861 మార్చిలో ఫ్రెడరిక్ బ్రూస్ బీజింగ్‌లో కాపురం పెట్టడంతో తీరింది.

మోకాలి సంగతి అన్నిటి కన్నా చివర తేలింది. 1873 జూన్ 29న చక్రవర్తి తుంగ్‌చీ విదేశీ రాయబారులకు దర్శనమిచ్చాడు. వాళ్ళు నిలబడే ఉండి తలలు వంచి నమస్కరించారు. అడగడానికి కోరికల జాబితా ఎవరి దగ్గరా లేదు.